నీలమ్మగారి బోణీ

ఐర్లాండ్‌లో ఒక హౌసింగ్ ఎస్టేట్‌కి, తెనాలిలో మెస్ నడిపిన ఒకావిడ పేరుంది. ఆ పేరు మీద ఒక పాట ఉంది, నాకు తెలిసి ముగ్గురు ఆడపిల్లలున్నారు, కాఫీ అమ్మే ఒక వ్యాను ఉంది, ఒక కుక్క కూడా ఉంది. ఈ ఘనతంతా నాదే. పద్దెనిమిదేళ్ళు ఈ దేశంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి ఏం మిగిల్చావని ఎవరైనా అడిగితే ఇదే చెప్పాలి. ఎవరూ అడగరు కాబట్టి రాస్తున్నాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇది చదివితే మంచిది. మీరు తప్పు చేస్తే కంప్యూటర్ పట్టుకుంటుందని మీకొక ధైర్యం. కొన్ని పట్టుకుంటుంది, కాదనను. కానీ గోడ మీద గోడ గీస్తే ఎర్రగా చూపించే ఆ మహాతల్లికి తెనాలి నీలమ్మ ఎవరో తెలియదు. నా తప్పు అక్కడే దాక్కుంది.

ముందు నా సంగతి. నేను ఐర్లాండ్‌కి డాక్టరుగారి భర్తగా వచ్చాను. అదొక హోదా. మా ఆవిడకి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, ఆవిడ సామానుతో పాటు నేనూ దిగాను. ఆరు నెలలు ఇంట్లో కూర్చుని, ఇక్కడ అల్మరాని ప్రెస్ అంటారనీ, వానని వాతావరణం అంటారనీ నేర్చుకున్నాను. తరవాత నేవన్ అనే ఊళ్ళో ఒక చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో పని దొరికింది. ఆఫీసంటే ఒక యజమాని, ఇద్దరు ఇంజనీర్లు, నేను, ఎప్పుడూ వేడిగా ఉండే ఒక కెటిల్. యజమాని చాలా మంచి మనిషి. ఆయన దగ్గర అన్ని రోగాలకీ ఒకటే మందు, గ్రాండ్ అనే మాట. డ్రాయింగ్ వెనక్కొచ్చింది అంటే గ్రాండ్. పునాదిలో నీళ్ళు ఊరుతున్నాయంటే గ్రాండ్. నాకు అప్పెండిసైటిస్ ఆపరేషనంటే కూడా గ్రాండ్ అనే అన్నాడు, పాపం పువ్వులు పంపించాడు.

ఇప్పుడు తెనాలి సంగతి చెప్పకపోతే కథ నడవదు. ప్రతి డ్రాయింగు కిందా కుడిచేతి మూలన ఒక పెట్టె గీస్తారు. స్థలం పేరు, తేదీ, గీసినవాడి పొడి అక్షరాలు అందులో ఉంటాయి. నాకు పని నేర్పిన గురువుగారు సైకిల్ షాపు మేడమీద ఆఫీసు పెట్టినప్పుడు మొట్టమొదటి బేరం ఈ నీలమ్మగారిది. రెండు గదుల ఇల్లు, ముందు వరండా. ఆవిడ ప్లాను గీసిన నెలలోనే గురువుగారికి చేతినిండా పనులు వచ్చిపడ్డాయి. ఇంకేముంది, నీలమ్మ చెయ్యి మంచిదని ఆయన తీర్మానించారు. ఆ రోజు నుంచి ఏ కొత్త కాగితం పరిచినా ముందు ఆ పెట్టెలో పెన్సిలుతో నీలమ్మ అని రాయాలి. పని పూర్తయ్యాక చెరిపేసి అసలు పేరు రాయాలి. బోణీ అన్నమాట. సినిమా హాలైనా, సెప్టిక్ ట్యాంకైనా మా ఆఫీసులో కొన్నాళ్ళు నీలమ్మ పేరు మీదే ఉండేది.

నేను ఆవిణ్ణి చూశాను. ఆవిడ మెస్‌లో నాలుగేళ్ళు తిన్నాను. పప్పులో ఉప్పెక్కువ. ఈ బోణీ సంగతి ఆవిడ చెవిన పడి ఒకరోజు వడ్డిస్తూ వడ్డిస్తూ అడిగింది.

"నా పేరు రాసుకుంటే మీకు బేరాలు తగులుతున్నాయంటగా? మరి నా వంటింటికి కిటికీ ఎందుకు మర్చిపోయాడయ్యా మీ గురువు?"

పద్ధతులు మాత్రం మనిషిని వదలవు. నేవన్‌లో పెన్సిళ్ళు లేవు, కంప్యూటర్. అందుకని కొత్త డ్రాయింగు మొదలుపెట్టే ఖాళీ ఫైల్లోనే నీలమ్మ అని ఇంగ్లీషులో కొట్టి ఉంచుకున్నాను. తెరిచిన ప్రతిసారీ ఆవిడ సిద్ధంగా ఉండేది. చివర్న మార్చేవాణ్ణి. ఏళ్ళ తరబడి ఐర్లాండ్‌లో ఎన్ని గొడ్ల షెడ్లు, ఎన్ని మురుగు కాలవలు నా దగ్గర నీలమ్మగా పుట్టి వేరే పేర్లతో బయటికి వెళ్ళాయో నాకే లెక్కలేదు. ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు. అందుకే నా అంతటివాడు లేడనుకున్నాను.

ఆ ఎస్టేట్ ఏ ఊళ్ళో ఉందో చెప్పను. మీలో కొందరు అక్కడే ఇళ్ళు కొన్నారు. అప్పటికి అది పచ్చిక పొలం. ఒక ముసలి రైతుది. పెళ్ళి చేసుకోలేదు, ఒంటరివాడు, మోకాళ్ళు పోయి గొడ్ల వెంట తిరగలేక ఒక కంపెనీకి అమ్మేశాడు. కొలతలకి నేను వెళ్ళినరోజు ఆయన ఫ్లాస్కులో టీ పోసుకుని, రెండు కప్పులతో, కంచె దాటుకుని వచ్చాడు. ఆయన మాట్లాడింది అక్కడి ఇంగ్లీషు, నేను రాస్తున్నది నా తెలుగు.

"ఈ పొలానికి పేరుంది, తెలుసా నీకు?" అన్నాడు.

తెలియదన్నాను. మన దగ్గర బావిచేను, దిబ్బచేను అన్నట్టే ఇక్కడా పొలాలకి పేర్లుంటాయని మాత్రం విన్నాను.

"ఇది బ్రైడీ," అన్నాడు. "మా అక్క పేరు. అక్క పుట్టిన ఏడు మా నాన్న దీన్ని కొన్నాడు. ఇక్కడ లేచే ఇళ్ళకి ఆ పేరే ఉండాలి. అమ్మేటప్పుడు నేను అడిగింది అదొక్కటే. కంపెనీవాళ్ళు సరేనన్నారు. కానీ వాళ్ళు ఎక్కడా రాసుకోవడం నేను చూడలేదు. నువ్వు రాసుకో."

నేను పసుపుపచ్చ చీటీ తీసి రాసుకున్నాను. ఆయన నా భుజం మీద నుంచి తొంగి చూసి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయని తల ఊపాడు.

"మర్చిపోవు కదా?"

"మావాళ్ళు పేర్లు మర్చిపోరండీ," అన్నాను. మహా గొప్పగా అన్నాను. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే ఒకటి పీకాలనిపిస్తుంది.

అక్క ఎక్కడుంటారని అడిగాను. "ఇంగ్లాండ్. చాలా ఏళ్ళయింది," అని కప్పులో మిగిలిన టీ గడ్డిమీద పారబోశాడు. ఇంకేమీ అడగకూడదని నాకు అర్థమైంది.

ఆ చీటీ నా కంప్యూటర్ అంచుకి అంటించాను. తరవాత అది ఊడిపడిపోయిందని చెబితే మీరు జాలిపడతారు, నేనూ గట్టెక్కుతాను. ఊడలేదు. జిగురు చాలా మంచిది. రోజూ నా కళ్ళెదురుగానే ఉంది. పదిరోజులు చూసేసరికి అదీ కంప్యూటర్ అంచులో కలిసిపోయింది. ఈలోగా ఇళ్ళ వరసలు మార్చి కొత్త డ్రాయింగులు శుక్రవారంలోగా పంపాలన్నారు. కొత్త ఫైలు తెరిచాను. నీలమ్మగారు సిద్ధంగా ఉన్నారు. ఇళ్ళు గీశాను, రోడ్లు గీశాను, కాలవలు గీశాను, శుక్రవారం నాలుగింటికి పంపేసి, చేతులు దులుపుకుని, ఇంటికెళ్ళి ఇడ్లీ తిన్నాను. ఎస్టేట్ పేరు కోసం దరఖాస్తు పెట్టాల్సిన కంపెనీ గుమాస్తా, డ్రాయింగు మూల పెట్టెలో ఏముందో దాన్నే ఎక్కించాడు. ఆయన తప్పేమీ లేదు. చదువుకున్నవాడు రాసిందే కదా ఎక్కిస్తారు.

పేర్లు ఖాయం చేసే కమిటీ ఒకటి ఉంటుంది. ఊరి చరిత్రకి సంబంధించిన పేరే పెట్టాలని వాళ్ళ నియమం. ఈ పేరుకి ఏం చరిత్ర ఉందని వాళ్ళు ఆ ఊరి చరిత్రకారుణ్ణి అడిగారు. ఆయన రిటైరైన బడిపంతులు. నాకు తెలియదనే మాట ఆయన జీవితంలో ఎప్పుడూ అని ఉండడు. వారం తిరక్కుండా రెండు పేజీలు రాసిచ్చాడు. ఇంగ్లీషు అక్షరాల్లో నీలమ్మ వాళ్ళ నోట నీలమా అయింది. పూర్వం నీలమా అనే పుణ్యవతి ఆ పొలంలో ఒక ఊట పక్కన తపస్సు చేసిందట. ఆ నీళ్ళు కళ్ళకి రాసుకుంటే చూపు వచ్చేదట. పొలంలో తడిగా ఉన్న ఒక పల్లం ఉంది, నిజమే. అక్కడ పగిలిన పైపు ఉందని నేను కొలతల్లోనే రాశాను. ఆ కాగితం ఎవరూ చదవలేదు. రెండు పేజీలూ అందరూ చదివారు.

నాకు సంగతి తెలిసింది నెలల తరవాత. యజమాని ఒక రంగుల బ్రోచరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నీలమా లాన్, కొత్త ఇళ్ళు, బుకింగులు మొదలు. నీలమ్మ సంగతి మొత్తం చెప్పేశాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మంచి మనిషేనా ఆవిడ?" అని అడిగాడు చివరికి.

"మంచిదే. పప్పులో ఉప్పెక్కువ."

"గ్రాండ్," అన్నాడు. ఆ తరవాత ముసలాయన సంగతి చెప్పాను. అప్పుడు మాత్రం గ్రాండ్ అనలేదు. నాకో కప్పు టీ పోసి, బ్రోచర్లు అచ్చయిపోయాయి, కంపెనీ వెనక్కి తీసుకోదు, జనం కాపురానికి వచ్చాక సగం మంది పైన సంతకం పెడితే పేరు మార్చుకోవచ్చు, అప్పుడు చూద్దాం అన్నాడు.

చూద్దాం అన్న మాట నాకు అమృతంలా వినిపించింది. ముసలాయన దగ్గరికి వెళ్ళి ఒప్పుకోవాల్సిన పని అప్పటికి తప్పింది. పేరు మర్చిపోవడం పొరపాటే, క్షమించవచ్చు. తెలిసి కూడా ఊరుకున్నాను చూడండి, అది పిరికితనం. ఏడాదిన్నర ఊరుకున్నాను. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వేరే దారిన వెళ్ళాను.

ఈ ఏడాదిన్నరలో నీలమ్మ ఊరుకోలేదు. ఇళ్ళు లేచాయి, మనవాళ్ళు దిగారు. తూర్పు వాకిలి ఇళ్ళన్నీ మనవాళ్ళే కొన్నారు. వాళ్ళలో డబ్లిన్ దగ్గర చెర్రీవుడ్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే ఒక వరంగల్ అమ్మాయి ఉంది, నాయకురాలు. ఆవిడ వాట్సాప్ గ్రూపు పెట్టింది, నీలమ్మ ఫ్యామిలీ అని. పరాయి దేశంలో మన అమ్మవారి పేరున్న చోట ఇల్లు దొరకడం మామూలు విషయం కాదని గ్రూపులో తేలింది. ఒక శుక్రవారం ఎస్టేట్ మొదట్లో ఉన్న పేరు రాయికి పసుపు పూసి బొట్లు పెట్టారు. పక్కింటి ఐరిష్ ఆయన ఎవరో రాయి మీద రంగు పోసి పాడుచేశారని గార్డులకి, అంటే పోలీసులకి, ఫోన్ చేశాడు. గార్డులు వచ్చారు, విషయం విన్నారు, పులిహోర తిని వెళ్ళారు. మరుసటి శుక్రవారం ఆ ఐరిష్ ఆయనే రాయి దగ్గర పువ్వులు పెట్టాడు. సెయింట్ నీలమాకి.

మూలింటి ఐరిష్ దంపతులకి ఆడపిల్ల పుట్టింది, నీలమా అని పెట్టారు. ఆ తరవాత ఒక పోలండ్ కుటుంబం, ఆ తరవాత మన ఒంగోలు వాళ్ళు. బళ్ళో పాటలు నేర్పే టీచరు ఎస్టేట్ పండగరోజు కోసం ఒక పాట కట్టింది. నీలమా అనే అమ్మాయి ఓడెక్కి వెళ్ళిపోతే ఊట ఎండిపోయిందని. ఐరిష్ పాటల్లో ఓడెక్కని అమ్మాయి అరుదు. పిల్లలు పాడుతుంటే పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. తెనాలి స్టేషన్ దాటి ఎరగని నీలమ్మగారికి సముద్రయానం రాసిపెట్టి ఉంది.

ఆ పాట ఆసుపత్రిలో ఒక నర్సు ఫోన్లో మా ఆవిడ వింది. ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా నా ఎదురుగా కూర్చుంది.

"ఆ పెద్దాయన బతికున్నారా?"

"ఉన్నారు."

"చేసిన తప్పు చెప్పడానికి మీకు ఏం కావాలండీ, ముహూర్తమా? లేచి వెళ్ళండి. నేను రోజూ చావు కబుర్లే చెప్పొస్తున్నాను, మీకు ఒక్క పేరు సంగతి చెప్పడానికి నోరు రావట్లేదా?"

వెళ్ళాను. ఆయన వంటింట్లో కూర్చోబెట్టి టీ పోశాడు. నేను చెప్పాల్సింది చెప్పాను, గురువుగారు, బోణీ, కిటికీ మర్చిపోవడం, అన్నీ. ఆయన మధ్యలో ఆపలేదు.

"రాయి పెట్టినరోజే చూశాను," అన్నాడు. "ఏదో కారణం ఉండి ఉంటుందిలే అనుకున్నాను."

ఆయన తిడితే బాగుండేది. నేను తిట్లకి సిద్ధపడి వెళ్ళాను. అక్కడివాళ్ళు సంతకాలు పెడితే మారుతుందని చెప్పాను. ఆయన కొంచెం ముందుకి వంగాడు. ఆ వంగడంలో ఎంత ఆశ ఉందో చూసి నాకు సిగ్గేసింది.

"అయితే అడిగి చూడు," అన్నాడు.

మూడు వారాంతాలు ఇల్లిల్లూ తిరిగాను. ఐర్లాండ్‌లో కాదు అని ఎవరూ అనరు. లోపలికి పిలుస్తారు, టీ ఇస్తారు, పాపం పెద్దాయన అంటారు, ఆలోచిస్తాం అంటారు. ఆలోచిస్తాం అంటే ఇక రావద్దని అర్థం. బ్యాంకులో చిరునామా మార్చాలి, లైసెన్సు మార్చాలి, పాప పుట్టిన సర్టిఫికెట్ సంగతేమిటి? మనవాళ్ళయితే ఉప్మా పెట్టి మరీ కాదన్నారు. మొత్తం పదకొండు సంతకాలు వచ్చాయి. అందులో ఒకటి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న మనిషిది.

ఆఖరి ప్రయత్నంగా ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరి హాల్లో మీటింగు పెట్టారు. నేను లేచి నిజం చెప్పాను. నీలమా పుణ్యవతి కాదు, అమ్మవారు కాదు, ఓడెక్కలేదు, తెనాలిలో మెస్ నడిపేది, నేను నా ఫైల్లో పేరు మార్చడం మర్చిపోయాను. నా జీవితంలో అంత శుద్ధమైన నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కరు నమ్మలేదు.

బడిపంతులు ఎంతో మర్యాదగా లేచాడు. "ఈయన వినయం నాకు నచ్చింది. కానీ పాత పేర్లు ఇలాగే పైకొస్తాయి. రాసేవాడు పొరపాటనుకుంటాడు. పేరు తన చోటు తానే వెతుక్కుంటుంది," అన్నాడు. చప్పట్లు కొట్టారు.

తరవాత వరంగల్ అమ్మాయి లేచింది. హాల్లో ఇంగ్లీషులో పద్ధతిగా మాట్లాడి, కూర్చునే ముందు నావైపు వంగి తెలుగులో అంది. "ఏంది అంకుల్ మీరు? మన పేరు పెట్టిచ్చుకునుడే కష్టం గీ దేశంల. పెట్టినంక మనమే తీసేయమందుమా?"

ఆ అమ్మాయి అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే నా బాధ.

అప్పుడు ముసలాయన లేచాడు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. గొంతు పెంచలేదు, వెనక వరసవాళ్ళు కుర్చీలు ముందుకి లాక్కున్నారు.

"బ్రైడీ మా అక్క," అన్నాడు. "పంతొమ్మిదో ఏట, పెళ్ళి కాకుండా కడుపుతో ఉంది. మా నాన్న ఓడెక్కించి పంపేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదన్నాడు. ఎత్తలేదు. కానీ పొలానికి అంతకుముందే ఆ పేరు పెట్టి ఉంది. గొడ్లని ఎక్కడికి తోలాలో నాకు చెప్పాలి కదా? పొద్దున్నే, బ్రైడీ దగ్గరికి తోలుకెళ్ళు అనేవాడు. అని, ముఖం అటు తిప్పుకునేవాడు. ఆ ఒక్క మాట వినడానికి మా అమ్మ పొయ్యి దగ్గర పనేమీ లేకపోయినా నిలబడేది. అలా ముప్పై ఏళ్ళు. అక్క ఎక్కడ పోయిందో, బిడ్డ ఏమైందో మాకు తెలియలేదు. ఆ పేరుకి మిగిలిన చోటు ఆ పొలమే. ఇప్పుడు అది నా ఒక్కడి నోట్లో ఉంది. నేను పోతే ఉండదు. అంతే చెప్పాలనుకున్నాను."

కూర్చున్నాడు. హాల్లో ఏడవనివాళ్ళు లేరు. వరంగల్ అమ్మాయి అందరికంటే ఎక్కువ ఏడ్చింది. పంతులు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తరవాత చేతులెత్తమన్నారు. కళ్ళు తుడుచుకున్న చేతులతోనే పేరు మార్చవద్దని ఓటు వేశారు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. కానీ వాళ్ళు చెడ్డవాళ్ళని చెప్పలేను. ఏడుపుకి కాగితాల పని ఉండదు, ఓటుకి ఉంటుంది.

మీటింగు అయ్యాక నాకు ఇంకో తెలివైన ఆలోచన తట్టింది. ఎస్టేట్ మొత్తంలో కమిటీ అనుమతి అక్కర్లేకుండా, కేవలం అప్పగింతకి ఇచ్చే ఆఖరి డ్రాయింగులో నేను రాస్తే ఖాయమైపోయే పేరు ఒక్కదానికే ఉంది. మురుగు నీళ్ళు తోడే పంపు గదికి. దాని మీద చిన్న రేకు బోర్డు కూడా వస్తుంది. పరుగున వెళ్ళి ముసలాయనకి చెప్పాను.

"నువ్వు మంచివాడివే," అన్నాడు. "కానీ ఒకసారి మేము అక్కని ఇంట్లోంచి గెంటేశాం. ఇప్పుడు మురుగు పక్కన పెట్టొద్దు."

పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను మారుమాట లేకుండా ఒప్పుకున్న సాంకేతిక అభ్యంతరం ఇదొక్కటే. ఆ గదికి పంపు గది అనే రాశాను. ఆ ఏడాది చివర్న రిటైరయ్యాను. ఆఫీసువాళ్ళు కేకు కోశారు, యజమాని చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. నా ఖాళీ ఫైల్లోంచి నీలమ్మ పేరు తీసేసి వెళ్ళాను. తీసేయడానికి పట్టింది ఒక్క క్షణం.

ముసలాయనకి ఆ తరవాత ఒక అలవాటు పట్టిందని విన్నాను. రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని ఎస్టేట్‌లోకి వెళ్ళి, ఎగువన పిల్లలాడుకునే పచ్చిక మైదానం దగ్గర బల్ల మీద కూర్చునేవాడట. బంతి అటు వస్తే తన్నేవాడట. ఎక్కడ ఏ ఆవు ఈనిందో పిల్లలకి చెప్పేవాడట. నేను రెండుసార్లు వెళ్ళి పక్కన కూర్చున్నాను. పేరు సంగతి ఇద్దరం ఎత్తలేదు. పోయిన శీతాకాలంలో ఆయన పోయాడు. చర్చిలో మనుషులు చాలామందే వచ్చారు. నీలమా పాట టీచరు అక్కడ కూడా ఏదో పాడింది, బాగానే పాడింది. నేను వెనక వరసలో నిలబడి, ఇచ్చిన మాట నిలబెట్టుకోనివాడు ఎలా నిలబడాలో అలాగే నిలబడ్డాను.

మొన్న ఏప్రిల్‌లో వరంగల్ అమ్మాయి ఫోన్ చేసింది. మీటింగు తరవాత మా మధ్య మాటలు తక్కువ. గొంతులో కంగారుంది.

"అంకుల్, ఒక్క మాట అడగాలె. మీకు గీ ఎస్టేట్ల అందరు ఎరుకే గద. మా బిడ్డ స్కూల్ నుంచి రాంగనే బ్యాగు ఆడ పారేసి ఉరుకుతది. యాడికే అంటే, బ్రైడీస్ అంటది. దీని ఒక్కదాని ముచ్చట కాదు, పక్కింటి పోలండ్ పోరగాళ్ళు గట్లనే అంటున్నరు, మూలింటోళ్ళు గదే అంటున్నరు. పొద్దంత ఆడనే. నేను మొత్తం చూసిన, గా పేరుతోని గ్రూపుల ఎవ్వరు లేరు. ఎవరామె? ఒక్కతే ఉంటదా?"

హాల్లో అంత ఏడ్చిన అమ్మాయి పేరు మర్చిపోయింది, అది నేను అర్థం చేసుకోగలను, నేను కళ్ళెదురుగా పెట్టుకుని మర్చిపోయినవాణ్ణి. పిల్లలు మాత్రం ఆయన ఆ మైదానాన్ని ఎలా పిలిచాడో అలాగే పట్టుకున్నారు. వాళ్ళని ఎవరూ సంతకం అడగలేదు.

"అంకుల్, ఉన్నరా? ఆమె నంబరుంటే ఇయ్యుండ్రి. చీకటి పడకముందే పిల్లలను ఇంటికి తోలమని చెప్త."

ఆవిడ ఎవరో ఆ అమ్మాయికి తరవాత నెమ్మదిగా చెప్పాను. ముందు నోటికి వచ్చిన మాట మాత్రం వేరు.

"తోలుతుందమ్మా," అన్నాను. "నువ్వేం కంగారుపడకు. పిల్లల్ని ఆవిడ జాగ్రత్తగా చూసుకుంటుంది."